సభ్యత్వం నిలవాలంటే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘంలో సభ్యులను ఎలా నిలుపుకోవాలో మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. నేను దగ్గరగా చూసిన ఒక ఉదాహరణ చెబుతాను.

ఇంజనీరింగ్ బోధనను మెరుగుపరచడానికి 1893లో చికాగోలో ఒక సంఘం పుట్టింది. దాని ఈనాటి పేరు అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్. విశ్వవిద్యాలయాల్లో దానికి విద్యార్థి శాఖలున్నాయి. ఎం.ఎస్., పిహెచ్.డి. చేస్తూ, రేపు పాఠం చెప్పబోయేవాళ్లు వాటిలో చేరతారు. తెలుగు మీడియంలో చదివి వెళ్లిన నేను అక్కడి పిల్లల ముందు సుద్దముక్క పట్టుకోవలసి వచ్చినప్పుడు, పాఠాన్ని ముందుగా చెప్పి చూసుకునే చోటు అలాంటి శాఖలోనే దొరికింది. తోటివారు వెనక బెంచీలో కూర్చుని, ఎక్కడ వేగం పెరిగిందో, ఏ మాట అర్థం కాలేదో చెప్పేవారు.

అయితే అలాంటి శాఖకు పుట్టుకతోనే ఒక కష్టం ఉంది. ఎం.ఎస్. రెండేళ్ల చదువు. 40 మంది సభ్యులున్నారనుకోండి, ఏటా 20 మంది వెళ్లిపోతారు. ఒక్క ఏడాది కొత్తవాళ్లను చేర్చుకోకపోతే సగమే మిగులుతారు. రెండో ఏడాదీ అంతే అయితే సున్నా. పిహెచ్.డి. వాళ్లు ఇంకొన్నాళ్లుంటారు గానీ, థీసిస్ రాసే రోజుల్లో ఏ సమావేశానికీ రారు.

దీన్ని తట్టుకోవడానికి మూడు పద్ధతులు పనికొస్తాయి. మొదటిది, కొత్తవాళ్లను వచ్చిన మొదటి వారంలోనే పిలిచి ఒక చిన్న పని అప్పగించడం. చందా కట్టినవాడు మరుసటి ఏడాదికి మరిచిపోతాడు, గది తాళంచెవి చేతిలో ఉన్నవాడు మరిచిపోడు. రెండోది, వచ్చే ఏటి అధ్యక్షుణ్ణి ఈ ఏడే ఎన్నుకుని పక్కన కూర్చోబెట్టుకోవడం. జాబితా, లెక్కలు అన్నీ ఒకే ఫైలులో అతనికి అందాలి. మూడోది, ప్రతి సమావేశం నుంచీ ఇంటికి పట్టుకెళ్లేది ఒకటి ఉండటం. ప్రశ్నపత్రం ఎలా తయారు చేయాలి, మార్కులు ఎలా వేయాలి, ఉద్యోగ దరఖాస్తులో తన బోధన గురించి ఏం రాయాలి, ఇలాంటివి. ఉత్త ఉపన్యాసాలైతే రెండోసారి ఎవరూ రారు. ఈ మాట కూడా ఉపన్యాసంలోనే చెప్పవలసి వచ్చింది!

ఇక మన సంగతి. ఈ హాలులో నెరిసిన తలలే ఎక్కువ. మనది జీవితకాల సభ్యత్వం కనుక మన ప్రమాదం నెమ్మదిగా వస్తుంది, కంటికి కనబడదు. రిజిస్టరులో పేర్లుంటాయి, మనుషులుండరు. మన బడి పిల్లలకు ఏటా ఇస్తున్న ఉపకారవేతనాలు ఈ సంఘం మీదే నడుస్తున్నాయి. మన తరంతో సంఘం ఆగితే అవీ ఆగుతాయి.

అందుకని రెండు ప్రతిపాదనలు. పదో తరగతి పిల్లలను వీడ్కోలు సభ రోజునే చేర్చుకుందాం, మొదటి ఉద్యోగం వచ్చేదాకా రుసుము వద్దు. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, విద్యా రుణం ఎలా వస్తుంది అని అడగడానికి వాళ్లకు మనలో ఒకరి ఫోన్ నంబరు ఇద్దాం. కార్యవర్గంలో రెండు స్థానాలు 30 ఏళ్ల లోపువారికి వదులుదాం.

ఆ ఇద్దరి పేర్లు ఈ సాయంత్రమే రాసుకుని లేద్దాం. సెలవు.