వెల హెచ్చయిన రిసీవరు కొనవలెనా?

రిసీవరు అను మాట మనకు క్రొత్తది కాదు. ఒకప్పుడు రేడియో పెట్టెనే రిసీవరు సెట్టు అనెడివారు. ఎన్ని వాల్వులది, ఎన్ని బ్యాండులది అని దానిని గూర్చి ఇంటింట చర్చ జరిగెడిది. నేడు ఆ పేరే మరియొక పెట్టెకు వచ్చినది. టెలివిజను క్రింది బల్లపై కూర్చుండి, ఐదు స్పీకర్లకో ఏడు స్పీకర్లకో ధ్వనిని పంచి యిచ్చెడి నల్లని బరువైన పెట్టెను హోం థియేటరు రిసీవరు అనుచున్నారు. రేడియో వినుటకు వలసిన ఏర్పాటు నేటికిని వానిలో పెక్కింటియందు గలదు. కొన్నవారిలో దానిని ఒక్కసారియైన త్రిప్పి చూచినవా రెందరో మాకు సందేహమే.

ఈ పెట్టె 30,000, 40,000 రూపాయలకు ఒకటి దొరకును. మూడు నాలుగు లక్షలకును ఒకటి దొరకును. ఈ రెంటికి నడుమ గల భేదము చెవికి ఎంత అను విషయమును నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి. ఈ ప్రశ్న మాకు పుస్తకములనుండి పుట్టలేదు. మా అక్కగారి వలన పుట్టినది.

విజయవాడలో మా మేనల్లుడు క్రొత్తగా ఇల్లు కట్టుకొని, గృహప్రవేశమైన రెండు మాసములకు మూడు లక్షల పైచిలుకు వెలగల రిసీవరును కొనెను. దుకాణమువారు దానిని ప్రత్యేకముగా ఏర్పరచిన గదిలో వినిపించిరట. ఆ గదిలో కాలిక్రింద దళసరి తివాచీ, గోడలకు మెత్తలు, తలుపునకు బరువైన తెర. వాన చినుకు ఏ మూల పడినదో చెప్పవచ్చునట. ఇంటికి తెచ్చి అమర్చిన పిదప చప్పుడు చాలినంత వచ్చినది గాని, ఆ చినుకులు రాలేదు. అంతకంటె ముఖ్యముగా, మాటలు రాలేదు.

మా అక్కగారికి 72 ఏండ్లు. చిత్రము సగమైనది. "ఒరే తమ్ముడూ, ఆ పిల్ల ఏడుస్తున్నది అక్క కోసమా, అత్త కోసమా? ఒక్క మాటా తెలియడం లేదురా" అని మమ్ము రెండుసార్లు అడిగిరి. మూడవసారి అడుగక, లేచి తన గదిలోనికి పోయి, తలగడ ప్రక్కనుండు చిన్న రేడియోను పెట్టుకొనిరి. నాటినుండి హాలులోనికి వచ్చుట మానివేసిరి. ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండుటకై కొన్న వస్తువు వలన ఇంటి పెద్ద వేరు గదికి పోవలసివచ్చుట మా మేనల్లునకు మిక్కిలి కష్టమనిపించినది. "మామయ్యా, దీని బలం చాలదేమో. పైన లక్షన్నర ఇస్తే ఇది వెనక్కి తీసుకొని ఇంకా పెద్దది ఇస్తామంటున్నారు. ఏం చేయమంటావు?" అని మమ్ము అడిగెను. ఇంటి అప్పు ఇంకను తీరలేదు.

ఈ బలమును వాట్లలో చెప్పుదురు. వాటు బలమునకు కొలతయే కాని బిగ్గరతనమునకు కొలత కాదు. వాట్లు రెట్టింపైనప్పుడు ధ్వని హెచ్చునది 3 డెసిబెళ్ళు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచవలెనన్న దాదాపు 10 డెసిబెళ్ళు హెచ్చవలెను. అనగా వాట్లు పదింతలు కావలెను. 100 వాట్ల పెట్టెను మార్చి 150 వాట్ల పెట్టెను తెచ్చినచో కలుగు లాభము 2 డెసిబెళ్ళ లోపు. సామాన్యమైన ఇంటి స్పీకరు 1 వాటు బలముతో 1 మీటరు దూరమున 86 మొదలు 90 డెసిబెళ్ళ ధ్వని నిచ్చును. 3 మీటర్ల దూరమున కూర్చున్నవారికి అది 80 డెసిబెళ్ళ ప్రాంతమున చేరును. ఇద్దరు మాటలాడుకొను ధ్వని సుమారు 60 డెసిబెళ్ళు. కాబట్టి రాత్రి భోజనములైన పిదప చిత్రము చూచు కుటుంబము వాడుకొనునది ఒక వాటు; పెక్కు సమయములలో అదియు కాదు. తెరమీద కోట కూలినప్పుడు క్షణకాలము 50 వాట్లో 100 వాట్లో కావలసివచ్చును. మిగిలిన బలమంతయు ఆ క్షణములకై దాచియుంచిన నిధి.

అట్టపెట్టెపై అచ్చువేసిన వాట్లను సైతము తరచి చూడవలెను. రెండు స్పీకర్లను నడపుచు, 8 ఓముల వద్ద, 20 మొదలు 20,000 హెర్ట్‌జుల వరకు, ధ్వని చెడకుండ కొలిచినది ఒక లెక్క. ఒక్క స్పీకరునే నడపి, 6 ఓముల వద్ద, ఒక్క స్వరముమీద, ధ్వని పదవవంతు చెడినను సహించి కొలిచినది మరియొక లెక్క. ఒకే పెట్టె మొదటి లెక్కలో 80 వాట్లుగను, రెండవ లెక్కలో దానికి రెట్టింపుగను కనబడవచ్చును. దుకాణములో ఏ లెక్క పెద్ద అక్షరములతో కనబడునో చెప్పనక్కరలేదు.

బలము సంగతి యట్లుండ, వెల హెచ్చయిన యాంప్లిఫయరు ధ్వని స్వచ్ఛముగ నుండునని పలువురి నమ్మకము. 1987 జనవరిలో అమెరికాలోని స్టీరియో రివ్యూ అను పత్రిక ఒక పరీక్షను ప్రకటించెను. సుమారు 200 డాలర్ల రిసీవరు మొదలు దాదాపు 12,000 డాలర్ల వాల్వు యాంప్లిఫయరు వరకు కొన్నింటిని ఒకే బిగ్గరతనమునకు సరిచేసి, ఏది మ్రోగుచున్నదో చెప్పక శ్రోతలకు వినిపించిరి. బొమ్మయో బొరుసో వేసి చెప్పినదానికంటె మెరుగుగా వారు పోల్చలేకపోయిరి. ఈ ఫలితమును ఒప్పుకొననివారు నేటికిని కలరు. కాని కన్నులు మూసి, ధ్వని సరిచేసి, తిరిగి పరీక్షింతమన్న వారిలో పెక్కుమంది ఉత్సాహము చూపరు. స్పీకర్ల విషయ మట్లు కాదు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ అను శాస్త్రవేత్త తెర వెనుక స్పీకర్ల నుంచి జరిపిన పరీక్షలలో శ్రోతలు వానిలోని మంచిచెడ్డలను స్పష్టముగ గుర్తించిరి.

ఇదంతయు చెప్పి, మార్పిడికి తొందరపడవలదని మేనల్లునితో అంటిమి. కాని మాటలేల వినబడవో మాకును అప్పటికి తెలియదు.

తెలిపినవారు టెంటుహౌసువారు. మాఘమాసములో మా మేనల్లుని చెల్లెలి కూతురు వివాహము ఆ యింటనే జరిగినది. చుట్టముల కొరకు 24 పరుపులను, వానికి తగిన తలగడలను అద్దెకు తెప్పించి, హాలులో కొన్ని పరచి, మిగిలినవి గోడల కానించి నిలిపిరి. ఆ రాత్రి పిల్లలు ఏదో చిత్రము పెట్టిరి. నడిజామున మా అక్కగారు గదిలోనుండి వచ్చి, ద్వారబంధము పట్టుకొని కొంతసేపు నిలిచి, "ఇవాళ మాటలు తెలుస్తున్నాయిరా, ఏం చేశారు?" అనిరి. ఎవరును ఏమియు చేయలేదు. పెండ్లి ముగిసినది, టెంటుహౌసువారు వచ్చి పరుపులను బండికెత్తుకొని పోయిరి, మాటలును వానితోనే పోయినవి.

పరుపులతో గదిని చక్కదిద్దుట లోకములో ఇది మొదటిసారి కాదు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ఫాగ్ చిత్రశాలలో క్రొత్తగా కట్టిన ఉపన్యాస మందిరము, చెప్పినది తెలియక, నిరుపయోగమై యుండెను. దానిని బాగుచేయు పని వాలెస్ సేబిన్ అను యువ అధ్యాపకునకు ఒప్పగించిరి. ఆయన సమీపముననున్న శాండర్స్ థియేటరు నుండి ఆసనముల మెత్తలను రాత్రివేళ మోయించి తెచ్చి, మందిరములో పరచి, ఆర్గను గొట్టమును మ్రోయించి, అది ఆగిన పిదప ధ్వని ఎంతసేపు వినబడునో కొలిచి, తెల్లవారకమునుపే మెత్తలను తిరిగి చేర్చెడివాడు. ఖాళీ మందిరములో ధ్వని అయిదున్నర సెకండ్లు నిలిచినది. మెత్తలన్నియు చేరిన పిదప సెకండుకు కొంచెము హెచ్చు. ఆ రాత్రులలో పుట్టిన సూత్రమే నేటికిని గదుల ధ్వనికి ఆధారము.

ఆ సూత్రమును మా మేనల్లుని హాలునకు వేసి చూచితిమి. పొడవు 20 అడుగులు, వెడల్పు 15, ఎత్తు 10. అనగా 3,000 ఘనపుటడుగులు. నేల నునుపైన టైల్సు, గోడలు సిమెంటు, ఒక ప్రక్క అద్దపు కిటికీ. ఇవి తమపై పడిన ధ్వనిలో నూటికి రెండు మూడు పాళ్ళు మాత్రమే మ్రింగి, మిగిలినదంతయు తిరుగగొట్టును. లెక్క ప్రకారము ఖాళీగానున్న హాలులో ధ్వని మూడున్నర సెకండ్లకు పైగా నిలుచును. సోఫాలు, మనుష్యులు చేరిన పిదపను ఒకటిన్నర సెకండ్లు. మాట తేటగా తెలియుటకు ఇంటి గదిలో అరసెకండు ప్రాంతమున నుండుట మేలు.

ఇచ్చట మన భాష సంగతి కొంత చెప్పవలెను. తెలుగు అజంతభాష; అచ్చులు బలముగా, సాగుచు పలుకును. హల్లులు క్షణికములు. అక్క, అత్త, అప్ప, అట్ట: ఈ నాలుగింటను అచ్చులొక్కటే. భేదమంతయు నడుమనున్న చిటికెడు నిశ్శబ్దములోను, దాని చివరనున్న చిన్న విడుపులోను గలదు. టైల్సు హాలులో మొదటి అచ్చు ఇంకను మ్రోగుచునే యుండి ఆ నిశ్శబ్దమును నింపివేయును. విడుపు అందులో మునిగిపోవును. వయస్సుతో చెవికి మొదట తగ్గునది హెచ్చు శ్రుతుల వినికిడి. ఆ విడుపులు ఉండునదియు అచ్చటనే. కావున పడుచువారు ఊహించి పూరించుకొనగలుగుదురు. మా అక్కగారి వంటివారు లేచి పోవుదురు. అట్టి హాలులో ధ్వనిని హెచ్చించినకొలది మ్రోతయు దానితోపాటు హెచ్చునే కాని మాట తేటపడదు. లక్షన్నర పోసి తెచ్చు వాట్లు చేసెడి పనియు ఇంతియే.

మా మేనల్లుడు టెలివిజనుకు సోఫాలకు నడుమ ఏలూరు ఉన్ని తివాచీ పరచెను. దివానుపై నుండిన ఓరుగల్లు జంపఖానాను ఎదుటి గోడకు వ్రేలాడదీసెను. వడ్రంగిచేత ఆరు చట్రములు చేయించి, రెండంగుళముల మందమున రాతిఉన్ని పలకలు నింపించి, మంగళగిరి వస్త్రము చుట్టించి, ప్రక్కగోడలకు బిగించెను. కిటికీకి దళసరి తెర వచ్చినది. అన్నియు కలసి 30,000 రూపాయలకు మించలేదు. "బాబాయిగారూ, ఈ దుమ్మంతా ఎవరు దులుపుతారండీ?" అని మేనల్లుని భార్య మమ్ము అడిగినది. దానికి మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి.

ఆ సందర్భముననే రెండు చిత్రములు బయటపడినవి. మాటలు వచ్చెడి నడిమి స్పీకరును బల్ల అరలో లోపలికి నెట్టియుంచిరి. అది కూర్చున్నవారి మోకాళ్ళతో మాటలాడుచుండెను. దానిని అంచునకు జరిపి చెవులవైపు ఎత్తితిమి. రెండవది ఇంకను విచిత్రము. రిసీవరుతోపాటు ఒక చిన్న మైకు వచ్చును. దానిని కూర్చుండు చోటులలో చెవుల ఎత్తున నిలిపి, పంకాలు ఆపి, కుక్కరు కూతలు లేని సమయమున నడపినచో, ప్రతి స్పీకరు దూరమును, బిగ్గరతనమును కొలిచి, గదిలో గుమ్మని మ్రోగు మంద్రస్వరములను రిసీవరే అణచును. ఆడిస్సీ అని, డిరాక్ అని దీనిలో రకములు గలవు. వెల హెచ్చినకొలది ఈ దిద్దుబాటే మెరుగగును. మూడు లక్షలలో అసలు ప్రయోజనమగు ఆ మైకు అట్టపెట్టెలో ముడి విప్పకయే యుండెను! అయితే ఇది మంద్రమును దిద్దగలదే కాని, గోడలు తిరుగగొట్టు మ్రోతను తగ్గింపజాలదు. ఆ పని ఉన్నిది, దూదిది.

వెల హెచ్చయిన రిసీవరు ఎవ్వరికిని తగదని మా అభిప్రాయము కాదు. మిక్కిలి పెద్ద హాలు గలవారికి, 4 ఓముల బరువైన స్పీకర్లు గలవారికి, డాల్బీ అట్మాస్ కొరకు పైకప్పున కూడ స్పీకర్లు బిగించి తొమ్మిదింటినో పదునొకండింటినో నడపువారికి అది కావలసినదే. ఇతరులు ఒక సంగతి గమనింపవలెను. స్పీకరు ఇరువదియేండ్లు పనిచేయును. రిసీవరులో ధ్వనిని హెచ్చించు భాగమును అట్లే నిలుచును. కాని టెలివిజనుతో కలిపెడి హెచ్.డి.ఎం.ఐ. భాగము త్వరగా పాతబడును. 2017లో 2.1 అను క్రొత్త ప్రమాణము ప్రకటితమైన పిదప, అంతకు ముందు లక్షలు పోసి కొన్న పెట్టెలు ఆ విషయమున చవుకరకము క్రొత్త పెట్టెలకు వెనుకబడెను. కనుక మాచేత 1,50,000 రూపాయలున్నచో 80,000 స్పీకర్లకు, 40,000 రిసీవరుకు, మిగిలినది గదికి వెచ్చింతుము. ఆ రిసీవరుకు తరువాత వేరు యాంప్లిఫయరును తగిలించుకొను ద్వారములు వెనుక నున్నవో లేవో చూచి మరి కొందుము. ఇంకొక్క మాట. ఈ పెట్టె మిక్కిలి వేడెక్కును. బెజవాడ ఎండలలో దానిపైన జానెడు ఖాళీ తప్పక విడువవలెను. మునుపు రేడియోకు కప్పినట్లు దీనికి కుట్టుపని గుడ్డ కప్పరాదు.

మొన్న మేము విజయవాడ వెళ్ళినపుడు మా అక్కగారు హాలులో సోఫా కొసన కూర్చుండి చిత్రము చూచుచుండిరి. మా మేనల్లుడు అలవాటు చొప్పున ధ్వనిని హెచ్చింపబోగా, "వద్దురా, వినబడుతూనే ఉందిగా, కాస్త తగ్గించు" అనిరి. మార్పిడికి పెట్టుకొన్న లక్షన్నరలో చట్రములకు, తివాచీకి పోగా మిగిలినది వాడు ఇంటి అప్పులో కట్టెను. దుకాణమువారు ఇప్పటికిని ఫోను చేయుచునే యున్నారట.