పేరు లేని పద్యం ముందు



ఇంగ్లీషు సాహిత్యం పరీక్షలో ఒక ప్రశ్న ఉంటుంది. దానికి సిలబస్ లేదు, నోట్సు లేవు, గైడు లేదు. విద్యార్థి అంతకుముందు ఎన్నడూ చూడని పద్యాన్ని కాగితం మీద ఇచ్చి, దీని గురించి రాయమంటారు. మన పదో తరగతి తెలుగు పేపర్లో అపరిచిత పద్యం ఉంటుంది కదా, ఇదీ ఆ జాతిదే. కాకపోతే మన పేపర్లో పద్యం కింద చిన్న చిన్న ప్రశ్నలిచ్చి దారి చూపిస్తారు, ఇక్కడ దారి మనమే వెతుక్కోవాలి. బ్రిటన్‌లో స్థిరపడిన మన వాళ్ల పిల్లలు పదహారో ఏట రాసే జీసీఎస్ఈ పరీక్షలో ఇది ఉంటుంది. ఏక్యూఏ బోర్డు పేపరయితే మొదటి పద్యానికి 24 మార్కులు, దాన్ని మరో కొత్త పద్యంతో పోల్చినందుకు 8. ఆ పిల్లల అమ్మానాన్నలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి అడుగుతుంటారు: "మాస్టారూ, దీనికి ఎలా ప్రిపేర్ చేయించాలి?" అని.

వాళ్లకు జవాబు చెప్పే మిషతో ఇవాళ నాకు ప్రాణప్రదమైన ఒక పద్యం మీ చెవిన వేయాలని ఉంది. డి.హెచ్. లారెన్స్ రాసిన 'పియానో'. పన్నెండే పంక్తులు. 1918లో 'న్యూ పోయెమ్స్' అన్న సంపుటిలో వచ్చింది. నవలాకారుడిగా లారెన్స్ పేరు చాలామంది విన్నారు. ఈ పన్నెండు పంక్తులను విన్నవాళ్లు తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది.

ఈ పద్యానికీ, నేను చెప్పిన పరీక్షకూ పాత చుట్టరికం ఉంది. 1920లలో కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే అధ్యాపకుడు తన తరగతిలో పద్యాలు అచ్చువేసిన కాగితాలు పంచేవాడు. కవి పేరుండదు, కాలం ఉండదు. ఇంటికి తీసుకుపోయి ఎన్నిసార్లయినా చదువుకుని, తోచింది రాసి వారం తర్వాత ఇమ్మనేవాడు. అలా వచ్చిన రాతల్ని పోగుచేసి 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అనే పుస్తకం వేశాడు. అందులో పదమూడు పద్యాలున్నాయి. ఇప్పటి అపరిచిత పద్యం ప్రశ్నకు ఆ పుస్తకం పుట్టిల్లు అనుకోవచ్చు.  నన్ను కలవరపెట్టేది ఒకటే. కేంబ్రిడ్జిలో, సాహిత్యమే చదువుగా పెట్టుకున్న యువకులు ఇంగ్లీషు మహాకవులైన డన్‌ను కాదన్నారు, హాప్కిన్స్‌ను కాదన్నారు. లారెన్స్ పద్యాన్ని చాలామంది వట్టి ఏడుపుగొట్టు పద్యమని తోసేశారు.

పేరు చెప్పి ఉంటే ఆ మాట అనేవాళ్లా? పేరును బట్టి పద్యాన్ని తూచే ఈ అలవాటు మన దగ్గరా ఉంది. ఎవరు రాశారో తెలియని చాటువులను తరతరాలుగా నోట నిలుపుకున్నాం. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాటిని ఊరూరా వెతికి చాటుపద్యమణిమంజరిగా కూర్చకపోతే ఎన్ని పోయేవో. కానీ చాటువు వినగానే మనం మొదట అడిగేది ఏమిటి? "శ్రీనాథుడిదేనా?" అని. అవునంటే తల పంకిస్తాం. కాదంటే సగం ఉత్సాహం చచ్చిపోతుంది. పద్యం మాత్రం అదే కదండీ!

సరే, పద్యంలోకి వెళ్దాం. సంధ్యవేళ. పద్యంలో మాట్లాడే మనిషికి ఒక స్త్రీ మెల్లగా పాడి వినిపిస్తోంది. ఆ పాట అతన్ని ఏళ్ల వెనక్కి నడిపించుకుపోతుంది. అక్కడ ఒక పిల్లవాడు పియానో కింద కూర్చుని ఉన్నాడు. పైన తీగలు హోరుమంటున్నాయి. పాడుతూ నవ్వుతున్న తల్లి పాదాలను వాడు చేతులతో పట్టుకుని ఉన్నాడు. రెండో చరణంలో పాత ఆదివారపు సాయంత్రాలు, బయట చలికాలం, లోపల వెచ్చటి గదిలో భక్తిగీతాలు. మూడో చరణంలో మళ్లీ ఇప్పటి గది. గాయని ఇక గొంతెత్తినా, పెద్ద నల్ల పియానో ఎంత ఉద్వేగంతో మోగినా లాభం లేదు. అతని మగతనం జ్ఞాపకాల వరదలో కొట్టుకుపోయింది. గతం కోసం పసివాడిలా ఏడుస్తున్నాడు.

కథగా చెబితే ఇంతే. ఇంతవరకే చదివిన వాళ్లకు అది ఏడుపుగొట్టుగానే కనిపిస్తుంది మరి.

నేను ఎం.ఏ. చదివేటప్పుడు మా లెక్చరరుగారొకరు ఈ పద్యాన్ని సైక్లోస్టైల్ చేయించి పంచారు. పేరు వేయలేదు. బోర్డు మీద ఏమీ రాయలేదు. నిదానంగా పైకి చదివారు, కాస్త ఆగి మళ్లీ చదివారు. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ మనిషికి ఆ పాట వినాలని ఉందా?"

తరగతి అంతా నిశ్శబ్దం. అందరం కాగితం మీదికి వంగాం. అప్పుడు కనపడింది నాకు, రెండో చరణం మొదట్లోనే ఉన్న మాట. తనకు ఇష్టం లేకున్నా, అంటాడు. ఆ పాట దొంగలా చొరబడి తన మీద పెత్తనం చేస్తోందంటాడు. తనకు ద్రోహం చేసి వెనక్కి అప్పగిస్తోందన్న అర్థం వచ్చే క్రియ వాడతాడు. కన్నీళ్లలో హాయిగా ఈదులాడేవాడు ఇలాంటి మాటలు అనడు. అతను ఎదిరిస్తున్నాడు. పంక్తి పంక్తికీ ఓడిపోతూ ఎదిరిస్తున్నాడు. ఈ పెనుగులాట వినపడినవాడికి చివరి ఏడుపు మరోలా వినపడుతుంది. ఇష్టపడి ఏడ్చిన ఏడుపు కాదది.

ఇంకా చిన్న సంగతి చూడండి. మొదటి చరణంలో పియానో కింద కూర్చున్నది 'నేను' అనడు. ఎవరో ఒక పిల్లవాడు అన్నట్టు దూరం నుంచి చూస్తాడు. 'మా అమ్మ' అని కూడా అనడు, ఎవరో ఒక తల్లి. అంత దూరం పెట్టుకున్నవాడు చివరి పంక్తికి వచ్చేసరికి తానే పసివాడిలా ఏడుస్తున్నానంటాడు. పన్నెండు పంక్తుల్లో ఆ దూరం కరిగిపోయింది. అది ఎక్కడ, ఏ మాట దగ్గర కరిగింది? ఈ ఒక్క ప్రశ్న వెంటపడి రెండు పేజీలు రాసిన విద్యార్థికి నేనయితే మంచి మార్కులు వేస్తాను.

చప్పుళ్లు కూడా వినండి. పియానో కింద కూర్చున్న పిల్లవాడికి తీగలు ఉరుములా వినిపిస్తాయి. అతను తల్లి పాదాల దగ్గర, వాద్యం కడుపు కింద ఉన్నాడు కాబట్టి. రెండో చరణంలో అదే వాద్యం గలగలమంటుంది. మూడో చరణంలో ఒక వాక్యం పంక్తి మధ్యలోనే తెగుతుంది. కొత్త వాక్యం మొదలై, రెండు మాటలు పలకగానే పంక్తి అయిపోతుంది, వాక్యం కిందికి జారుతుంది. పైకి చదివితే మన ఊపిరి కూడా అక్కడే తడబడుతుంది. అంత్యప్రాసలు రెండేసి పంక్తులకు చక్కగా కుదిరాయి, దాని గురించి అంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన పిల్లల్ని, వాళ్లకు నేర్పే పెద్దల్ని కాస్త కోప్పడాలి. అపరిచిత పద్యం చేతికి రాగానే పెన్ను పట్టుకుని అలంకారాల వేట మొదలుపెడతారు. ఇక్కడ ఉపమ, ఇక్కడ అనుప్రాస, ఇక్కడ రూపకం, అని గీతలు గీస్తారు. పెళ్లింటికి వెళ్లి వధూవరులను చూడకుండా కుర్చీలు లెక్కపెట్టి వచ్చినట్టు ఉంటుంది ఆ జవాబు. అలంకారం పేరు తెలియడం మంచిదే. అది అక్కడ ఏం పని చేస్తోందో చెప్పకపోతే ఆ పేరు వల్ల ప్రయోజనం లేదు. రిచర్డ్స్ పట్టుకున్న జబ్బు ఇంకొకటుంది. తల్లి, పాట, బాల్యం అన్న మాటలు కనపడగానే కొందరు పద్యాన్ని వదిలేసి సొంత జ్ఞాపకాల్లోకి వెళ్లిపోతారు. మరికొందరు అదే మాటలు చూసి మొహం చిట్లిస్తారు. ఇద్దరూ పద్యం వినలేదు. అందుకే ఫోన్ చేసే అమ్మానాన్నలకు నేను చెప్పేది ఇది: పెన్ను పక్కన పెట్టించండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు గొంతు విప్పి రెండుసార్లు చదివించండి. పరీక్ష హాల్లో పెదవులు కదిపినా చాలు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, మొదట ఎలా ఉన్నారు, చివరికి ఎలా అయ్యారు, మధ్యలో ఏ మాట దగ్గర మలుపు తిరిగారు, ఇవి తెలిశాకే రాయమనండి.

లారెన్స్ బొగ్గుగని కార్మికుడి కొడుకని, 1910లో తల్లిని పోగొట్టుకున్నాడని తర్వాత తెలుసుకోవచ్చు. తెలిస్తే మంచిదే, తెలియకపోయినా పద్యానికి లోటు లేదు.

మీరు ఆసక్తిగా వెతికితే ఈ పద్యానికి పాత చిత్తుప్రతి ఒకటి దొరుకుతుంది. ఇంతకన్నా పొడుగైనది. అందులో తల్లి పియానో చిన్నదనీ, గోధుమరంగుదనీ, ముందున్న పట్టుగుడ్డ వెలిసిపోయిందనీ విడమరచి చెప్పాడు. తర్వాత అదంతా కొట్టేశాడు. పెద్ద నల్ల పియానో మాత్రం ఉంచాడు. ఇంటి పియానోకు రంగు లేదు, కొలత లేదు, ఆ గలగల ఒక్కటే మిగిల్చాడు. దయచేసి అచ్చయిన పన్నెండు పంక్తులే ముందు చదవండి. ఆ గలగలలో ఆ వాద్యం ఎంత చిన్నదో మీ చెవికి తెలిశాక పాత ప్రతి తీయండి.