దర్బారు హాలు, రంగమహలు
(అంకాపూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇండ్లల్ల అర్రలకు పేర్లుంటయి. దేవునర్ర, వంటర్ర. పేరు వింటే అక్కడ నడిచే పని ఎరుకైతది. లోపలికి ఎవరు రావాల్నో, ఎవరు గడప అవతల్నే నిలబడాల్నో గూడ ఎరుకైతది. హైదరాబాద్ కోఠిల ఉన్న రెసిడెన్సీ ముచ్చట చెప్పేటందుకే ఈ మాట ఎత్తుకున్నం.

రెసిడెంటంటే నిజాం పక్కల కూసోని కంపెనీ పెత్తనం నడిపిన తెల్లదొర. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803ల ఈ బంగ్ల కట్టుడు మొదలుపెట్టిండు. పైకం నిజాం ఖజానాది. పెద్ద కాయితం మీద నక్ష చూపిస్తే నిజాం ఒప్పుకోలేదట. అదే నక్షను చిన్న చీటీ మీద గీసి తెస్తే సరేనన్నడట! నిజమో కతో గని, మన భూముల నక్షలు యాదికొస్తయి.

లోపల పెద్దది దర్బారు హాలు. పేరుల్నే ఉన్నది, దొర కూసుంటడు, మిగిలినోళ్లు సలాం కొడతరు. వెనుక దిక్కు జనానా కోసం రంగమహలుండేది. కిర్క్‌పాట్రిక్ పెండ్లాడిన ఖైరున్నీసా అండ్లనే ఉన్నది. వాళ్ల ఇద్దరు పిల్లలను 1805ల ఇంగ్లండుకు పంపి పేర్లు గూడ మార్చిండ్రు. తల్లి మళ్ల వాళ్లను చూడలేదు. తర్వాతి దొరలు రంగమహలునే కూలగొట్టిండ్రు.

1857 వచ్చింది. ఢిల్లీకి పోయి మనోళ్లనే కొట్టమంటే కాదన్న జమాదారు చీదాఖాన్‌ను పట్టి రెసిడెన్సీల బంధించిండ్రు. ఆయనను విడిపిస్తమని జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రోహిల్లాలను తీసుకొని కోఠి మీదికి పోయిండ్రు. ఎదురుంగ ఉన్న సావుకార్ల ఇండ్లెక్కి రాత్రంత కాల్పులు జరిపిండ్రు. గెలువలేదు. మౌల్వీని అండమాన్ పంపిండ్రు. తుర్రెబాజ్‌ఖాన్ జైలు తప్పించుకొని పోతే 1859 జనవరిల తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంల వేలాడదీసిండ్రు. తూప్రాన్ అంటే మనం పట్నం పొయ్యే తొవ్వనే గద! పసుపు బస్తాలతోటి ఎన్నిసార్లు దాటినమో, అక్కడ ఒక్కనాడన్న బండి ఆపలేదు.

1949ల ఆ బంగ్లకు ఆడపిల్లల కాలేజీ వచ్చింది. సలాం కొట్టిన హాల్ల మన పిల్లలు పుస్తకాలు పట్టుకొని నడిచిండ్రు. 2024ల ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిండ్రు. దొర గడీకి ఎదురుతిరిగి పంట దక్కించుకున్న ఐలమ్మ పేరు దొర బంగ్లకు పడ్డది. మాకైతే కడుపు నిండింది. లోపలి హాలు మాత్రం ఇంక దర్బారు హాలే.

ఈసారి పట్నం పోతే పిల్లలకు ఆ హాలు చూపియ్యుండ్రి. అటెన్క బయటికొచ్చి రోడ్డు అవతల నిలబడి మళ్ల చూడుండ్రి. తుర్రెబాజ్‌ఖాన్ ఆ బంగ్లను చూసింది అటు దిక్కు నుంచే.