కాగితం లేదని బడిలో చేర్చుకోకపోతే?



ఈ పూట పలకలు కాసేపు పక్కన పెట్టండి. ఒక సంగతి మాట్లాడుకుందాం.

మన జిల్లాలో యానాదులు ఉన్నారు. ఎరుకలవాళ్లు ఉన్నారు. సుగాలీలు ఉన్నారు. అందరూ ఈ దేశ పౌరులే. ఓటు అందరికీ ఒకటే. మరి బడి?

ఒక యానాది తల్లి బిడ్డను బడికి తీసుకెళ్తుంది. "పుట్టిన తేదీ కాగితం ఏది?" అని అడుగుతారు. చెరువు గట్టున గుడిసెలో కాన్పయిన తల్లి ఆ కాగితం ఎక్కణ్ణించి తెస్తుంది? బిడ్డ చెయ్యి పట్టుకొని వెనక్కి వస్తుంది. మళ్లీ ఆ గడప తొక్కదు. "వాళ్లకి చదువు మీద ధ్యాస లేదు" అని ఊరంతా అంటారు. ఆ మాట నాకు నచ్చదు.

వాళ్ల భయం ఊరికే రాలేదు. 1871లో తెల్లదొరలు ఒక చట్టం చేశారు. కొన్ని జాతులవాళ్లను పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన చట్టం అది. తర్వాత ఆ చట్టం మన వైపుకీ వచ్చింది. మన పక్కనే ఉన్న కావలిలో ఎరుకలవాళ్లను సెటిల్‌మెంటులో పెట్టారు. చీటీ లేకుండా బయటికి పోకూడదు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా పోయింది. చూపు మాత్రం పోలేదు.

ఇప్పుడు వేరే చట్టం ఉంది. 2009లో చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. పేరు విద్యాహక్కు చట్టం. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు ఉచితం. వయసు కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. అంగన్‌వాడీ పుస్తకంలో పేరున్నా చాలు. అదీ లేకపోతే బిడ్డ వయసు తల్లే రాసివ్వొచ్చు. తొమ్మిదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టక్కర్లేదు. ఈడుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువు విడిగా చెప్పాలి. మిరపకోతలకి పోయి ఆలస్యంగా వచ్చినా చేర్చుకోవాలి.

చంటిబిడ్డల తల్లులు ఇంకొకటి వినండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి జనన సర్టిఫికెట్టే ముఖ్యం. కాన్పయిన 21 రోజుల్లో పుట్టుక రాయించండి. డబ్బు కట్టక్కర్లేదు.

బడిలో వద్దంటే గొడవ పడొద్దు. "ఎందుకు వద్దో రాసివ్వండి" అని అడగండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు గదా!

ఇదిగో, బోర్డు మీద రాస్తున్నాను. పలకల మీద దించుకోండి: "మా బిడ్డకు ఏడేళ్లు. బడిలో చేర్చుకోండి." కింద మీ సంతకం.