కార్డు ఉంది, అప్పు కూడా ఉంది

(రైతు సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబాల ఆదాయం, పేదరికం, ఆరోగ్య బీమా గురించి మాట్లాడమన్నారు. ఇది అంకెలతో కూడిన విషయం. అంకెలంటే మనకు విసుగు. కానీ ఢిల్లీలో మన గురించి మాట్లాడేవాళ్లంతా అంకెలతోనే మాట్లాడతారు. వాళ్లను నిలదీయాలంటే ఆ అంకెలు మనకూ తెలియాలి. అందుకే ప్రభుత్వ సంస్థల లెక్కలే తెచ్చాను.

ముందు ఆదాయం సంగతి చూద్దాం. జాతీయ నమూనా సర్వే వాళ్లు రైతు కుటుంబాల స్థితిగతుల మీద 2012-13లో ఒకసారి, 2018-19లో మరోసారి సర్వే చేశారు. దేశం మొత్తం మీద రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 6,426 రూపాయల నుంచి 10,218 రూపాయలకు పెరిగింది. ఆదాయం పెరిగిందని సంబరపడేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. మనం ఇంకొంచెం లోపలికి వెళ్దాం.

ఆ 10,218లో కూలి, జీతాల మీద వచ్చింది 4,063. పంట మీద వచ్చింది 3,798. మిగతాది పశువులు, చిన్న వ్యాపారం, భూమి కౌలు. అంటే రైతు అని పేరున్న కుటుంబానికి పంట కన్నా కూలే ఎక్కువ ఇస్తోంది. ఆరేళ్ల కింద పంట ఆదాయం 3,081 ఉండేది. ఆరేళ్లలో అది 23 శాతం పెరిగితే, బజారులో ధరలు సుమారు మూడో వంతు పెరిగాయి. అంటే పంట మీద మన సంపాదన నిజానికి తగ్గింది. నెలకు 3,798 అంటే ఇంటిల్లిపాది కష్టానికి రోజుకు 127 రూపాయలు. అది కూడా మన సొంత రెక్కల కష్టానికి విలువ కట్టకుండా వేసిన లెక్క. సొంత శ్రమ, సొంత విత్తనాల వంటి వాటికి విలువ కడితే మొత్తం ఆదాయమే 10,218 నుంచి 8,337కు పడిపోతుందని అదే సర్వే చెప్పింది.

తర్వాత నాబార్డు 2021-22 సంవత్సరానికి చేసిన సర్వేలో రైతు కుటుంబం ఆదాయం నెలకు 13,661 అని తేలింది. అందులోనూ పంట వాటా మూడో వంతే.

ఇక అప్పు. 2019 నాటికి దేశంలో సగం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉంటే, మన తెలంగాణలో నూటికి 91 కుటుంబాలకు పైగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 93. సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలు. మన దగ్గర 1,52,113. ఆంధ్రలో 2,45,554.

ఈ అప్పంతా ఎరువులకూ విత్తనాలకూ చేసిందేనా? ఇక్కడే ఆరోగ్యం సంగతి వస్తుంది.

మా పక్క ఊళ్లో ఒక కౌలు రైతు ఉన్నాడు. పేరు చెప్పను. నాలుగెకరాల పత్తి. పోయిన ఏడు బండి మీంచి పడి కాలు విరిగింది. కంగారులో దగ్గరున్న ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ కార్డు చెల్లదన్నారు. రెండు రోజులు ఉంచి, స్కానింగులు తీసి బిల్లు చేతిలో పెట్టారు. తర్వాత కార్డు చెల్లే దవాఖానకు మార్చారు. ఆపరేషనుకు రూపాయి తీసుకోలేదు. మేలు జరిగినప్పుడు జరిగిందనే చెప్పాలి. కానీ మొదటి బిల్లు అప్పు తెచ్చి కట్టిందే. ఆయన నాలుగు నెలలు మంచం దిగలేదు. భార్య ఆయన దగ్గరే ఉండిపోయింది. ఏరేవాళ్లు లేక పత్తి చెట్టు మీదే వానకు తడిసింది. పాలిచ్చే బర్రెను అమ్మారు. మిగిలింది నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు. రైతుబంధు పట్టాదారుకే ఇచ్చారు కాబట్టి ఆయనకు అదీ రాలేదు.

కార్డు ఉంది, అప్పు కూడా ఉంది. ఎందుకు? ఆ కార్డు చరిత్ర ఒకసారి చూద్దాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. కేంద్రం 2018 సెప్టెంబరులో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలతో ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇంట్లో ఒక్కరికైనా ఆరోగ్య బీమా ఉన్న కుటుంబాలు దేశంలో 2015-16లో నూటికి 29 ఉంటే, 2019-21 నాటికి 41 అయ్యాయి. ఇది ముందడుగే. పోరాడి నిలబెట్టుకోవాల్సిందే.

కానీ కార్డు ప్రధానంగా మంచం ఎక్కినవాడికే పనికొస్తుంది. ఆయుష్మాన్‌లో దవాఖానలో చేరడానికి ముందు మూడు రోజులు, బయటికి వచ్చాక పదిహేను రోజుల ఖర్చు వరకే ఇస్తారు. నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రలకు, ఓపీ చీటీకి, రానూపోనూ చార్జీలకు, పోయిన కూలికి అది వర్తించదు. దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64 శాతం ఉండేది. 2021-22కి 39కి తగ్గిందని ప్రభుత్వం లెక్క. తగ్గింది నిజమే. అయినా నూటికి 39 రూపాయలు మనవే. 2017-18 సర్వేలో పల్లె మనిషి ఒకసారి దవాఖానలో చేరితే సర్కారు దవాఖానలో సగటున 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు ఖర్చయింది. ఇందాకటి పంట ఆదాయంతో పోల్చి చూడండి. ఒక్కసారి ప్రైవేటు మంచం ఎక్కితే ఏడు నెలల పంట ఆదాయం పోయినట్టే.

మరి ఆ కౌలు రైతు పేదవాడేనా? తెండూల్కర్ లెక్కలో 2011-12లో పల్లెల్లో మనిషికి నెలకు 816 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే పేదవాడు కాదు. రోజుకు 27 రూపాయలన్నమాట. ఇప్పుడు నీతి ఆయోగ్ బహుముఖ పేదరికం అని లెక్క వేస్తోంది. 2015-16లో 24.85 శాతం ఉన్న పేదలు 2019-21కి 14.96 శాతానికి తగ్గారని చెప్పింది. ఆ లెక్కలో పన్నెండు అంశాలున్నాయి. పోషకాహారం, చదువు, వంట గ్యాసు, మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా వంటివి. ఇవన్నీ అవసరమే. ఆ కౌలు రైతు ఇంట్లో గ్యాసు ఉంది, కరెంటు ఉంది, పిల్ల బడికి పోతోంది, ఖాతా ఉంది. ఖాతా ఉందా అని అడుగుతారు గానీ అందులో ఎంత ఉందో అడగరు. అప్పెంత అన్న ప్రశ్న ఆ పన్నెండింటిలో లేదు. అందుకే కాగితం మీద ఆయన పేదవాడు కాకపోవచ్చు. వడ్డీకి ఇచ్చినవాడికి మాత్రం ఆయన సంగతి తెలుసు.

కాబట్టి మిత్రులారా, గిట్టుబాటు ధర వేరు, దవాఖాన వేరు అనుకోవద్దు. పంట మిగలకపోతే జబ్బుకు అప్పు చేస్తాం. జబ్బుకు అప్పు చేస్తే వచ్చే పంటకు పెట్టుబడి ఉండదు. మన డిమాండ్లు కూడా కలిపే ఉండాలి. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఉత్పత్తి ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర కావాలి, దానికి చట్టం కావాలి. కౌలు రైతుకు గుర్తింపు, బ్యాంకు రుణం కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, మందులు ఏడాది పొడవునా ఉండాలి. ఓపీ ఖర్చు, మందుల ఖర్చు పథకంలో చేర్చాలి. 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతం ఆరోగ్యానికి పెడతామని 2017 విధానంలో రాసుకున్నారు. 2021-22లో పెట్టింది 1.84 శాతమే.

చివరగా మనం చేయాల్సిన పని. ప్రతి గ్రామ కమిటీ పది కుటుంబాల లెక్క రాయండి. పంట మీద ఎంత వచ్చింది, కూలి మీద ఎంత వచ్చింది, దవాఖానకు ఎంత పోయింది, అందులో అప్పెంత, వడ్డీ ఎంత. కౌలు కుటుంబాలను తప్పకుండా చేర్చండి. దవాఖాన చీటీలు, మందుల బిల్లులు పారేయవద్దని చెప్పండి. కార్డు చెల్లే దవాఖానలు మనకు దగ్గరలో ఏవో కనుక్కొని పంచాయతీ దగ్గర రాసి పెట్టండి. అది ముందే తెలిసి ఉంటే ఆ కౌలు రైతుకు మొదటి బిల్లు పడేది కాదు. కార్డు మీద వైద్యం చేస్తూ పైకం అడిగితే అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి, సంఘానికి చెప్పండి.

వచ్చే నెల మండల సమావేశానికి ఆ లెక్కలు పట్టుకొని రండి. అవి తీసుకొని కలెక్టరు దగ్గరకు పోదాం. సర్కారు లెక్కలు ఈరోజు మనం విన్నాం. మన లెక్క వాళ్లకు వినిపిద్దాం.