సౌమ్య గుగులోత్: ఫారిన్ పోయి తిరిగొచ్చాక ఏమైంది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి చూస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ ఎపిసోడ్ మీ కోసమే.

మన సైడు ఒక మాట బాగా వినబడుతుంది. "ఫారిన్ పోయినాడంట, కొన్నాళ్ళకే తిరిగొచ్చినాడంట." అంతే, ఆ "అంట"తోనే తీర్పు అయిపోతుంది. నేను బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలి ఈ వీడియోలు మొదలుపెట్టినప్పుడు నా గురించీ ఇట్లాంటి అంటలు చాలానే తిరిగినాయి. సరే, నా సంగతి పక్కన పెడదాం. ఒక ఫుట్‌బాల్ ప్లేయర్ కథ చెప్తా.

పేరు సౌమ్య గుగులోత్. 2001లో పుట్టింది. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా, వ్యవసాయం చేసుకునే లంబాడా కుటుంబం. మొదట తను రన్నర్. ఆ స్పీడ్ చూసిన కోచ్ ఫుట్‌బాల్ వైపు తిప్పినారు. గ్రౌండ్‌లో తన చోటు వింగ్, అంటే సైడ్ లైన్ పక్కన. బాల్ తీసుకుని డిఫెండర్‌ని దాటి పరిగెత్తాలి, గోల్ ముందుకు పాస్ ఇవ్వాలి, బాల్ పోతే మళ్ళీ వెనక్కి ఉరకాలి. చిన్నప్పటి రన్నింగ్ వేస్ట్ కాలేదు, చూడండి.

2021‌-22లో గోకులం కేరళ జట్టుతో ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్ గెలిచింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్ తనతో, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో సంతకం చేయించుకుంది. అప్పటికి సౌమ్య వయసు 21. తండా నుంచి యూరప్ క్లబ్! అందరం షేర్ చేసినాం.

కానీ అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు, తిరిగొచ్చింది. ఆ తర్వాత షేర్లు తగ్గినాయి. అసలు కథ మాత్రం అక్కడి నుంచే. ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది. 2024‌-25లో ఆ జట్టు లీగ్ ఛాంపియన్. 2025లో మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆమెకే ఉమెన్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు ఇచ్చింది. అదే ఏడాది జూలైలో థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2‌-1తో ఓడించి, ఇండియా ఆసియా కప్‌కి క్వాలిఫై అయింది. ఆ క్వాలిఫయర్స్ జట్టులో సౌమ్య కూడా ఉంది.

ఇప్పుడు మన సంగతి. ధర్మవరం నుంచి గంట ప్రయాణంలో అనంతపురం, అక్కడ ఆర్డీటీ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉంది. హిందూపురంలో రైలెక్కితే బెంగళూరు, క్లబ్బులూ అకాడమీలూ ఉన్న ఊరు. దూరం సమస్య కాదబ్బా. ట్రయల్స్‌కి పోయి సెలెక్ట్ కాకుండా వచ్చిన పిల్లకి ఇంట్లో రెండో ఛాన్స్ ఇస్తారా అన్నదే సమస్య. ఆడపిల్లయితే "ఇంక చాలు, చదువుకో" అని బూట్లు అటక మీద పెట్టేస్తారు.

అమ్మానాన్నలూ, ఆ బూట్లు కిందికి దించండి. తిరిగొచ్చిన పిల్లని "ఏమైంది?" అని కాదు, "మళ్ళీ ఎప్పుడు పోతావు?" అని అడగండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!