తక్కువ వంటచెరకు – నిండు భోజనము
(దొరవారిసత్రములో పంచాయతీ సభ్యుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల సమావేశమున వంటను గురించిన ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపములు, త్రాగునీరు – ఇవియే పంచాయతీ పనులని మనము తలచుట వాడుక. కాని 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. ఇంధనము, పశుగ్రాసము వానిలో ఒకటి. స్త్రీ శిశు సంక్షేమము మరియొకటి. ఈ రెండును కలిసికొను చోటు వంటయిల్లు. మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. కావున ఈ విషయము మన సభలలో చర్చకు రావలసినదే.

ఈ ప్రాంతపు స్థితి మీకు నేను చెప్పవలసిన పని లేదు. సరుగుడు కంప, సీమతుమ్మ కట్టె, పిడకలు – ఇవి మన పొయ్యిలకు తరతరాలుగా ఆధారము. 2016లో ఉజ్జ్వల పథకము, 2024లో దీపం-2 పథకము వచ్చి వంట గ్యాసును పేద ఇండ్లకు చేరువ చేసినవి. అయినను పెరటిలో కట్టెల పొయ్యి ఆరని ఇండ్లు ఇంకను కలవు. సిలిండరు త్వరగా అయిపోవునను భయముతో పప్పు, ఉలవలు, పశువుల కుడితి కట్టెల పొయ్యి మీదనే పెట్టుచున్నారు. ఆ పొగను పీల్చునది ఇల్లాలు, ఆమె చంకలోని బిడ్డ. ఈశాన్య ఋతుపవనము వచ్చి కట్టె తడిసినపుడు ఆ పొగ రెండింతలగును.

మంట తగ్గించి, పొగ తగ్గించి, కడుపునిండ తినుటకు మార్గము లేదా? కలదు. అది క్రొత్తదియు కాదు.

మన పూర్వులు దాలి ఎరుగుదురు. గుంటలో పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, పాలకుండను అందులో నిలిపెడివారు. ప్రొద్దంతయు సన్నని సెగపై కాగిన ఆ పాలు ఎఱ్ఱబడి, మందమైన మీగడ కట్టెడివి. మంట కనబడదు, పని మాత్రము జరుగుచుండును. వంగదేశమున 1910 ప్రాంతమున ఇందుమాధవ మల్లిక్ అను వైద్యుడు ఇక్‌మిక్ కుక్కరును కనిపెట్టెను. అడుగున కొద్ది బొగ్గులు, పైన వరుస గిన్నెలు. అన్నము, పప్పు, కూర ఒకేసారి ఆవిరిపై నిదానముగా ఉడుకును. అమెరికాలో 1940లో పేటెంటు పొందిన విద్యుత్తు పాత్ర 1971 తరువాత అచటి ఇండ్లలో విరివిగా వ్యాపించినది. ఇవన్నియు ఒకే సూత్రముపై నడచుచున్నవి.

ఆ సూత్రమేమి? మూత బిగువుగా లేని పాత్రలో, ఎంత మంట పెట్టినను నీటి వేడి 100 డిగ్రీలను దాటదు. నీరు తెర్లుట మొదలైన తరువాత మనము పెట్టు పెద్దమంట గింజను ఉడికించుటకు గాక నీటిని ఆవిరి చేయుటకే ఖర్చగుచున్నది. 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిని మరుగుదాక తెచ్చుటకు పట్టు వేడికంటె, ఆ నీటిని పూర్తిగా ఆవిరిగా మార్చుటకు 7 రెట్లకు పైగా వేడి పట్టును. ఇంటి కప్పు నంటి పోవుచున్న ఆవిరియంతయు మనము కొన్న వంటచెరకే యని గ్రహింపుడు.

ఆ వేడిని పోనీయక నిలుపుటకు గడ్డిపెట్టె మిక్కిలి చవుకైన సాధనము. దొరవారిసత్రము పరిసరములలో వరిగడ్డికి కొదువ లేదు. ఒక పెద్ద గంపగాని కొయ్య పెట్టెగాని తీసికొని, అడుగున, చుట్టును జానెడు మందమున ఎండుగడ్డిని గట్టిగా కూరవలెను. నడుమ గిన్నె పట్టునంత గుంట ఉండవలెను. గోనెసంచిలో గడ్డి నింపి పై దిండుగా కుట్టవలెను. గడ్డి పొడిగా ఉండవలెను. తడిసిన గడ్డి వేడిని నిలుపదు, బూజు పట్టును. గిన్నెకు బిగువైన మూత ఉండి, అది ముప్పాతిక వంతు నిండియుండుట మేలు. కొద్ది పదార్థము త్వరగా చల్లారును. పెద్ద కుటుంబమునకు ఈ పద్ధతి మరింత అనుకూలము.

కందిపప్పును ఒక గంట నానబెట్టి, పదిహేను నిమిషములు తెర్లించి, వెంటనే గడ్డిపెట్టెలో దించి రెండు గంటలు కదలింపకుండిన మెత్తబడును. ఉలవలు, అలసందలు రాత్రి నానవలెను. అరగంట తెర్లించి నాలుగు గంటలు ఉంచవలెను. బియ్యము ఐదు నిమిషములు తెర్లిన చాలును, గంటలో అన్నమగును. ఆవిరి పోదు గనుక నీరు కొంచెము తగ్గించి పోయవలెను. గంజి వార్చు పని లేదు; గంజితో పాటు పోవు బి విటమినులు అన్నములోనే నిలుచును. నాట్ల దినములలో తెల్లవారుజామున పొయ్యి దించి పెట్టెలో ఉంచి పొలమునకు పోయిన ఇల్లాలికి, తిరిగివచ్చుసరికి వంట సిద్ధముగా ఉండును.

మూడు జాగ్రత్తలు మరువరాదు.

మొదటిది, పులుపు. చింతపండును ముందే వేసిన పప్పు ఎంతకును ఉడుకదు. గింజ మెత్తబడిన తరువాతనే పులుసు పోయవలెను. సముద్రతీరమున కొన్ని బోరుబావుల కఠిన జలముతోను ఇదే చిక్కు. వంటసోడా వేసిన ఉడుకును గాని బి విటమిను నశించును. మంచినీటితో వండుటయే యుక్తము.

రెండవది, చల్లారిన భోజనము. 60 డిగ్రీలకు దిగువ గోరువెచ్చగా ఉన్న అన్నములో రోగక్రిములు త్వరగా పెరుగును. గడ్డిపెట్టె వండుటకే గాని నిలువ చేయుటకు కాదు. చేయి పెట్టలేనంత వేడిగా బయటికి తీసి, మరల ఒకసారి తెర్లించి వడ్డింపవలెను. చేపలు, మాంసము ఇందులో ఉంచరాదు.

మూడవది, రాజ్మా గింజలు. వసతిగృహములలో వీనిని వండుట కలదు. నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కనీసము 10 నిమిషములు బాగుగ తెర్లింపని రాజ్మా వాంతులు కలిగించును. సన్నని సెగ మాత్రమే చాలదు.

పోషణ మాటయు చెప్పవలెను. పొదుపు భోజనమనగా అరకొర భోజనము కాదు. నూరు గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు కలదు. రాగిసంగటి, ఉలవచారు, మునగాకు వేసిన పప్పు – ఇవి పేదవాని తిండియని చిన్నచూపు చూచుట తగదు. ఉడుకుటకు చాలసేపు పట్టును, కట్టె ఖర్చగును అను కారణముచేతనే ఉలవలు పెక్కు ఇండ్లలో వెనుకబడినవి. ఆ కారణమును గడ్డిపెట్టె తొలగించుచున్నది.

ఇక పంచాయతీ చేయదగిన పని. ఇచట గతమును తలచుకొనవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో డాక్టరు ఎస్. పి. రాజు పొగలేని పొయ్యిని రూపొందించి 1953లో దానిపై పుస్తకమును ప్రకటించిరి. 1980లలో జాతీయ కార్యక్రమము క్రింద దేశమంతట మేలిరకపు పొయ్యిలు కట్టించిరి. 2002లో ఆ కార్యక్రమము నిలిచిపోయినది. పొగగొట్టము మసిపట్టినపుడు శుభ్రము చేయువారు లేక, పొయ్యి నోరు ఇంటి గిన్నెకు సరిపడక, అనేక పొయ్యిలు మూలబడినవి. వస్తువును పంచినంత మాత్రమున పని ముగియదు. వాడు చేతికి అది నచ్చవలెను.

కావున ఖర్చుతో కాక పరీక్షతో ప్రారంభింపుడు. మీ గ్రామములోని ఒక పొదుపు సంఘమును అడుగుడు. ఐదు ఇండ్లలో గంపలు సిద్ధము చేయించి, ఒక వారము పాత పద్ధతిని, ఒక వారము క్రొత్త పద్ధతిని వండించి, కట్టెను తూచి వ్రాయింపుడు. వండిన స్త్రీలే గ్రామసభలో ఆ లెక్కను చెప్పవలెను. అధికారి చెప్పినదానికంటె పొరుగింటి అమ్మ చెప్పినది నమ్మకము కలిగించును. లాభము లేదని తేలిన, గంపలోని గడ్డి పశువులకగును, నష్టము లేదు.

మీ పొరుగున నేలపట్టు చెరువులో కడప చెట్లపై గూడబాతులు ఏటేట గూళ్ళు కట్టుచున్నవి. ఆ చెట్లను నరకక కాపాడిన గ్రామములివి. చెట్టును కాపాడిన చేతులే పొయ్యి దగ్గరి ఊపిరిని గూడ కాపాడవలెను. రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో వంటచెరకును ఒక అంశముగా చేర్చుడని కోరి విరమించుచున్నాను.